కారు ఓడెక్కే పద్ధతి, మన టిక్కీ లారీ ఎక్కే పద్ధతి



ఈసారి పోస్టు పొడుగుంది. తీరిక చూసుకుని చదవండి. కార్లతో మొదలుపెడతా గానీ చివరికి మన మిరపకాయల దగ్గరికే వస్తా.

అనంతపురం వైపు నుంచి నల్లమల ఘాటు దిగి, మన గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు పోయే రోడ్డులో పొడుగాటి మూసిన లారీలు చూసే ఉంటారు. కొన్నింట్లో లోపలుండేది కార్లే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు అమ్మకానికి తీసింది. ఏడాదికి 3 లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీ అది. మొదలైన ఏడాదే విదేశాలకు పంపడం కూడా మొదలుపెట్టారు. దానికి నీళ్లు హంద్రీ-నీవా కింద గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ల కోసం మనం ఇంకా చూస్తా ఉన్నాం. సరే, ఆ మాట ఇంకో రోజు.

మన దక్షిణాదిలో కార్లు ఎక్కువగా ఓడెక్కేది మద్రాసు రేవులో, దాని పక్కనున్న ఎన్నూరు రేవులో. ఎన్నూరు రేవుకే ఇప్పుడు కామరాజర్ రేవు అని పేరు. నిస్సాన్ వాళ్లు 2010 నుంచి అక్కడి నుంచే కార్లు పంపడం మొదలుపెట్టారు. మా అక్క కొడుకు ఆ మద్రాసు వైపు ఒక రేవులో కార్లు ఓడెక్కించే డ్రైవరు. పండక్కి వచ్చినప్పుడు వాణ్ని కూర్చోబెట్టి అన్నీ అడిగా.

నేను ఇన్నాళ్లూ అనుకున్నది ఏందంటే, కారును క్రేనుతో పైకెత్తి ఓడలో దించుతారని. పాతకాలంలో అట్లనే చేసేవాళ్లంట. ఇప్పుడట్ల కాదు. ఓడ వెనక భాగంలో పెద్ద తలుపు ఉంటది. అది రేవు మీదికి వాలి వంతెన మాదిరి పరుచుకుంటది. కారును నడుపుకుంటా నేరుగా లోపలికి పోవడమే. లోపల పది పన్నెండు అంతస్తులు. పెద్ద ఓడైతే ఆరు వేల కార్ల పైనే పడతాయి. పక్కపక్క కార్ల మధ్య జానెడు సందు కూడా ఉండదు. ప్రతి కారును నేలకున్న కొక్కేలకు బెల్టులేసి బిగిస్తారు. సముద్రం ఊపితే ఒకదానికొకటి తగలకుండా.

"మామా, మేము బెల్టు బకిల్ పెట్టుకోకూడదు, ఉంగరం పెట్టుకోకూడదు, గీత పడుద్దని" అన్నాడు వాడు. కార్లో పెట్రోలు కూడా కొంచమే పోస్తారంట, ఎక్కి దిగడానికి సరిపోయేంత.

ఇదంతా విని ఆశ్చర్యపోయా గానీ, నా మనసులో దిగింది వేరే మాట. కారు చేతులు మారే ప్రతిచోటా ఒకడు నిలబడి చూస్తాడంట. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకసారి, రేవు యార్డులో దిగినప్పుడు ఒకసారి, ఓడెక్కే ముందు ఒకసారి, అవతలి దేశంలో దిగాక ఒకసారి. ప్రతి కారుకూ 17 అక్షరాల నంబరు ఉంటది. గీత కనపడితే ఆ నంబరు మీద రాస్తారు, ఫొటో తీస్తారు. సరుకు అందుకున్నట్టు ఓడవాళ్లు ఇచ్చే కాగితంలో దెబ్బ ఉంటే ఉందని రాస్తారు. లేకపోతే సరుకు బాగానే అందినట్టు లెక్క. ఆ తర్వాత గీత పడితే ఎవరి చేతిలో పడిందో వెతుక్కునే పని లేదు. ఎక్కడిదాకా నష్టం అమ్మినవాడిది, ఎక్కణ్నుంచి కొన్నవాడిది అన్నది కూడా బేరం నాడే రాసుకుంటారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. కల్లంలో టిక్కీ తొక్కి కుట్టిన కాడి నుంచి గుంటూరు యార్డులో కాటా పడేదాకా ఎన్ని చేతులు మారతాయి? ట్రాక్టరు, లారీ, హమాలీలు, కమీషన్ కొట్టు. ఎక్కడన్నా ఒక్క ముక్క రాసిస్తారా? మన కల్లంలో 42 కిలోలు తూగిన టిక్కీ అక్కడ 41 తూగితే ఆ కిలో ఎక్కడ పోయిందో చెప్పేవాడు లేడు. తేమ అంటారు, తరుగు అంటారు. కాటా పడేదాకా నష్టం మనదే, పడ్డాక కూడా మనదే.

నిరుడు మార్చిలో మా ఆరు ఇళ్ల వాళ్లం కలిసి ఒక లారీ మాట్లాడుకున్నాం. నావి 18 టిక్కీలు, పై వరసలో పడ్డాయి. వినుకొండ దాటాక వాన. పట్టా ఒకవైపు చిరిగి ఉంది. పైనున్న నావి తడిశాయి, కిందున్న అయిదుగురివీ పొడిగా ఉన్నాయి. నా కాయకు క్వింటాకు 4 వేలు తగ్గించి అడిగారు. ఏడున్నర క్వింటాళ్ల మీద 30 వేలు పోయింది. లారీ వాడు వానకు నేనేం చేస్తా అన్నాడు. మా చిన్నాన్న కొడుకు టిక్కీలు సరిగ్గా నా వాటి కిందే ఉన్నాయి. వాడికి పూర్తి ధర వచ్చింది. వాడు చేసిన తప్పేం లేదు. అయినా ఆ తర్వాత నెల రోజులు మా ఇద్దరికీ మాటలు సరిగా లేవు.

ఈ సంగతి చెప్తే మా మేనల్లుడు ఓడల్లో ఉన్న ఇంకో పద్ధతి చెప్పాడు. రెండు వేల ఏళ్ల పైబడి నడుస్తున్న ఆచారం అంట. ఓడ మునిగిపోయే ప్రమాదం వచ్చి, దాన్ని కాపాడటానికి కొందరి సరుకు సముద్రంలో పారేయాల్సి వస్తే, ఆ నష్టం వాళ్లొక్కరిదే కాదు. మిగిలిన సరుకు ఎవరెవరిదో వాళ్లంతా, ఓడ యజమానితో సహా, తలా కొంత పంచుకోవాల. నీ సరుకు నిలబడింది వాడి సరుకు పోయింది కాబట్టే అని లెక్క. ఇప్పటికీ అదే నడుస్తది.

నా టిక్కీల్ని ఎవరూ కావాలని పారేయలేదు, నిజమే. కానీ పై వరస తడవబట్టే గదా కింది వరస పొడిగా ఉండింది!

అంత పద్ధతి ఉన్నా ఓడలకు ప్రమాదాలు తప్పవు, అదీ చెప్పాల. 2019 సెప్టెంబరులో అమెరికాలో బ్రన్స్‌విక్ రేవు దగ్గర గోల్డెన్ రే అనే ఓడ 4 వేలకు పైగా కార్లతో పక్కకు ఒరిగి పడిపోయింది. అడుగున ఉండాల్సిన నీటి బరువు లెక్క తప్పిందని విచారణలో తేలింది. చొప్పబండికి పైన బరువెక్కువైతే ఏమయిద్దో మనకెవరూ చెప్పక్కర్లేదు గదా. 2022లో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ 4 వేల కార్లతో అట్లాంటిక్‌లో తగలబడి మునిగింది. మనుషులంతా బయటపడ్డారు. కార్లకు బీమా, కాగితం ఉంటాయి. కారు పోయినా దాని లెక్క మాత్రం పోదు.

ఈ ఏడు మేము ఆరు ఇళ్ల వాళ్లం కూర్చుని నాలుగు మాటలు అనుకున్నాం. మీకు పనికొస్తాయేమో చూడండి.

ఒకటి, ప్రతి టిక్కీ మీదా రంగుతో పేరు, నంబరు. రెండు, లారీ ఎక్కే ముందు మన కాటా మీద తూచి, తూకం నోటుబుక్కులో రాసి, ఫోన్లో ఫొటో. మూడు, పట్టా విప్పి చూశాకే లోడు. ఇన్ని టిక్కీలు, ఇంత బరువు, పొడిగా ఎక్కాయి అని చీటీ రాసి డ్రైవరు చేత సంతకం. నాలుగు, దారిలో ఎవరి టిక్కీ తడిసినా, చిరిగినా, పోయినా, ఆ నష్టం ఆరుగురం టిక్కీల లెక్కన పంచుకోవడం.

మొదటి మూడింటికీ అందరూ సరే అన్నారు. నాలుగో దానికే రెండు రోజులు పట్టింది. "నా కాయ బాగుంటే నేనెందుకియ్యాల" అని ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పింది నేను కాదు, మా చిన్నాన్న కొడుకు. "అన్నా, నిరుడు కిందున్నది నావి. ఈసారి పైన ఎవరివి పడతాయో నీకు తెలుసా?" అన్నాడు. అంతే, ఇంకెవరూ మాట్లాడలా.

సంతకం అడిగితే మొదటి లారీ డ్రైవరు నవ్వి పోయాడు. రెండో అతను పెట్టాడు. ఫిబ్రవరిలో పోయిన లోడులో ఒకాయనవి 3 టిక్కీలు అడుగున చిరిగి కాయ కారిపోయింది. లెక్కేస్తే మొత్తం 5 వేల చిల్లర. ఆరుగురం పంచుకుంటే నా వాటాకు 800 దాకా వచ్చింది. ఇచ్చేటప్పుడు చెయ్యి కొంచెం ఆడలా, అబద్ధమెందుకు. కానీ ఆయన ఇంటికి పోయి మా చిన్నాన్న కొడుకూ నేనూ కలిసే ఇచ్చొచ్చాం.

యార్డులో తరుగు ఇంకా అట్లనే ఉంది. దాని సంగతి మా ఆరుగురితో అయ్యేది కాదు. పక్క ఊళ్ల వాళ్లు కూడా చీటీ, ఫొటో, తూకం మొదలుపెడితే అప్పుడు నలుగురం కలిసి అడగొచ్చు. మీ ఊళ్లో లోడు ఎట్ల పోతుందో, ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటే చెప్పండి. మేమూ నేర్చుకుంటాం.