రేపటి వంతు ఖరీదు

2013 వేసవిలో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ రంగంలో ఒక పెద్ద బేరం కుదిరింది. బ్రూక్లిన్ నెట్స్ జట్టు బోస్టన్ సెల్టిక్స్ నుండి కెవిన్ గార్నెట్‌ను, పాల్ పియర్స్‌ను తెచ్చుకున్నది. ఇరువురూ ఉద్దండులే. కాని అప్పటికి మొదటివాని వయస్సు 37, రెండవవానిది 35.

అక్కడ ఏటా కొత్త ఆటగాండ్రను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దానిని డ్రాఫ్ట్ అంటారు. అడుగున నిలిచిన జట్లకు ముందు వంతులు దక్కే అవకాశం ఎక్కువ. ఓడినవారికి అదొక ఊరట. రాబోయే సంవత్సరాల వంతులను ముందుగానే ఇచ్చివేయవచ్చు. 1980 దశకారంభంలో క్లీవ్‌లండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ వాటిని విచ్చలవిడిగా ధారపోయగా, రాబోయే రెండు వరుస సంవత్సరాల మొదటి విడత వంతులను వదులుకోరాదని లీగ్ నిబంధన విధించింది. నెట్స్ ఆ నిబంధనను మీరలేదు. కొందరు ఆటగాండ్రతోపాటు 2014, 2016, 2018 వంతులను ఇచ్చి, నడుమనున్న 2017లో వంతును మార్చుకునే హక్కును మాత్రమే బోస్టన్‌కు వ్రాసి ఇచ్చింది. అక్షరం దక్కింది, ఆంతర్యం దక్కలేదు!

సంతకం చేసిననాడు అవి చౌకగానే కనిపించి ఉంటాయి. గెలిచే జట్టు వంతు చివరను గాని రాదు గదా. కాని రేపటి వంతుకు నేటి ధర కట్టడంలోనే పొరపాటున్నది. దాని విలువను నిర్ణయించేది, అది చేతులు మారేనాటికి ఇచ్చినవాని స్థితి. ముదిరిన వయస్సును కొన్న జట్టు మూడేండ్లకు ఎట్లుంటుందో ఊహించడం కష్టమా?

2014లో నెట్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క విడత దాటి మయామీ చేతిలో ఓడింది. ఆ వేసవిలోనే పియర్స్ వెళ్లిపోయాడు. 2015 ఫిబ్రవరిలో గార్నెట్ కూడా. 2015–16లో 82 ఆటలకు 21 గెలుపులు. ఆ ఓటమి ఫలంగా లభించిన మూడవ వంతుతో బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ను ఎంచుకున్నది. మరుసటి యేడు 20 గెలుపులతో నెట్స్ అట్టడుగున నిలిచింది. దాని మొదటి వంతు బోస్టన్‌కు పోయింది. బదులుగా చేతికి వచ్చినది 27వ వంతు. బోస్టన్ ఆ మొదటి వంతును ఫిలడెల్ఫియాకు ఇచ్చి, మూడవ వంతుతోపాటు మరొక భావి వంతును కూడా రాబట్టి, జేసన్ టేటమ్‌ను తెచ్చుకున్నది. ఆ ఇరువురితో 2024లో విజేత అయింది. నెట్స్‌కు ఓటమి మిగిలింది, ఓటమికి లభించే ఊరట మిగలలేదు. ఆ బేరంలో అసలు వ్యయం ఇదే.

కప్పు గెలిచి ఉంటే ఈ వ్యయాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కారేమో. అయినను, ఈ తొందర ఒక్క జట్టుది కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ బేరాలను పరిశీలించిన కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను ఆర్థిక పరిశోధకులు, ఈ యేటి వంతు కొరకు వచ్చే యేటి వంతును ఇచ్చే జట్లు చెల్లిస్తున్న వడ్డీ ఏడాదికి నూటికి 136 అని లెక్కగట్టారు. ఏ గ్రామంలోని వడ్డీవ్యాపారి అయినా అంత అడగడానికి జంకుతాడు. అప్పు చేసేవాడు, తీర్చేవాడు ఒక్కడే అయినచో ఇంతటి వడ్డీకి ఒప్పుకోడు.

నెట్స్ పక్షాన ఆ బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ బిల్లీ కింగ్‌ను 2016 జనవరిలో ఆ పదవి నుండి తప్పించారు. బోస్టన్ బ్రౌన్‌ను ఎంచుకున్నది ఆ జూన్‌లో.