తాతయ్య పంచె, రోమన్ టోగా

రెండేళ్ళ క్రితం సంగతి. అప్పుడు ఆన్‌సైట్ మీద ఇంగ్లండ్‌లో ఉన్నాం. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, సోమవారం రిలీజ్ ఎలా గట్టెక్కుతుందా అని నేను తల పట్టుకుని కూర్చుంటే, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి "నాన్నా, రేపు స్కూల్లో రోమన్ డే, టోగా కావాలి" అంది చల్లగా. ఇలాంటివన్నీ ముందురోజు రాత్రే ఎందుకు గుర్తొస్తాయో ఈ పిల్లలకి!

అక్కడి ప్రైమరీ సిలబస్‌లో రోమన్లు తప్పనిసరి. బ్రిటన్‌ని క్రీ.శ. 43 నుంచి దాదాపు 410 దాకా ఏలారు కదా మరి. పాఠం చదివించి వదిలెయ్యరు. పిల్లలు రోజంతా రోమన్ల వేషాల్లో ఉంటారు. అట్టముక్కలతో డాళ్ళు చేసి కవాతు చేస్తారు, మైనం పలక మీద పుల్లతో పేరు రాస్తారు, గులకరాళ్ళతో లెక్కలు కడతారు. లాటిన్‌లో కాలిక్యులస్ అంటే గులకరాయి అట. ఇంజినీరింగ్‌లో మన నెత్తిన పడ్డవి ఆ రాళ్ళేనన్నమాట :)

ఆ టైముకి టోగా ఎక్కడ దొరుకుతుంది? పెట్టె అడుగున మా తాతయ్య పొందూరు పంచె ఉంది. ఆయన పోయాక అమ్మ గుర్తుగా ఇచ్చింది. కత్తెర పెట్టకుండా, ఎడమ భుజం మీంచి వేసి, కుడి చెయ్యి బయటికి వదిలి చుట్టాను. చూస్తే అచ్చం తాతయ్య ఉత్తరీయం వేసుకున్నట్టే ఉంది. అసలు టోగా ఉన్నిబట్టతో చేస్తారని తర్వాత తెలిసిందనుకోండి.

మర్నాడు సాయంత్రం వస్తూనే "ఈ బట్ట ఎక్కడిది అని టీచర్ అడిగింది. మా ఊరిది అన్నాను. మీ ఊరికి రోమన్లు వచ్చారా అంది. వచ్చారా నాన్నా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మా ఊరికి శాలిహుండం పట్టుమని పది మైళ్ళు లేదు. ఇంటర్లో ఉండగా కార్తీకమాసం వనభోజనాలకి వెళ్ళి, స్తూపం ఇటుకల మీద కూర్చుని పులిహోర తిని వచ్చాను. నాకు తెలిసిన శాలిహుండం అంతే. నిజంగా సిగ్గేసింది.

ఆ రాత్రి ఆఫీసు పని పక్కన పెట్టి చదివాను. శాలిహుండం బౌద్ధ శిథిలాలని 1919లో వెలుగులోకి తెచ్చింది మన వ్యావహారిక భాషోద్యమ గిడుగు రామమూర్తి పంతులుగారే. కింద వంశధార, నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు. విశాఖ దగ్గర తొట్లకొండలో 1988-92 మధ్య జరిపిన తవ్వకాల్లో 5 రోమన్ వెండి నాణేలు దొరికాయి. మొదటి శతాబ్దపు గ్రీకు రచన 'పెరిప్లస్'లో మసాలియా, అంటే మన మచిలీపట్నం వైపు, సన్నబట్టలు విస్తారంగా నేస్తారని ఉంది. ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము ఇండియాకి పోతోందని రోమ్‌లో ప్లినీ అనే పెద్దమనిషి వాపోయాడు. రోమన్లు మా ఊరొచ్చారని చెప్పలేను గానీ వాళ్ళ డబ్బు మాత్రం మన తీరానికి వచ్చింది. మా అమ్మాయికి అదే చెప్పాను. "అయితే మనం కూడా ఉన్నామన్నమాట" అంది.

ఆ సెలవుల్లో ఊరెళ్ళాం. మా అక్క కొడుకు ఆరో తరగతి. రోమన్ల సంగతి ఎత్తగానే "రోమన్లతో వర్తకం, బంగారు నాణేలు, రెండు మార్కుల ప్రశ్న మావయ్యా" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. అంతకుమించి వాడికేం అక్కర్లేదు. ఆ వయసులో నాకూ అక్కర్లేదు.

ఇద్దర్నీ పొందూరు తీసుకెళ్ళాను. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. మావాడు ఆ ఎముక చేత్తో పట్టుకుని "ఏటిది, నిజంగా చేపదేనా!" అన్నాడు. మా అమ్మాయి రాట్నం ముందు కూర్చుంటే, లాగిన ప్రతిసారీ దారం తెగిపోయింది. వడికే మామ్మ నవ్వి "నెమ్మదిగా లాగాలమ్మా" అంది.

మర్నాడు శాలిహుండం కొండెక్కాం. మావాడు కింద వంశధారని చాలాసేపు చూసి "మావయ్యా, పడవలు ఇక్కడిదాకా వచ్చీవా? మరి అంత బట్ట సముద్రం మీద తడిసిపోదా? దేంట్లో కట్టీవోరు?" అన్నాడు.

రెండు మార్కుల జవాబులో ఈ ప్రశ్న లేదు. చేత్తో దారం పట్టుకున్నాకే వాడికది పుట్టింది. (దీనికీ నాకు జవాబు తెలీదు, అది వేరే సంగతి.)

తప్పంతా మన మాస్టార్లదే అనడం లేదు. సిలబస్సు, పరీక్షలు వాళ్ళ నెత్తి మీదున్నాయి. కానీ అట్టముక్కలకీ, చింతపిక్కలకీ, పాత పంచెకీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పైగా అక్కడి పిల్లలు రంగుకాగితాలతో ఊహించుకోవాల్సినవి మన పిల్లలకి బస్సెక్కితే కనిపిస్తాయి.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్తే పిల్లల్ని ఆ కొండెక్కించండి. పులిహోర పట్టుకెళ్ళినా తప్పులేదు. కాకపోతే నాలా తినేసి వచ్చెయ్యకండి.