మేం రాలేదు, ఇక్కడే ఉన్నాం

మేం దూదేకులం. బందరు పక్క పల్లెల్లో పుట్టాం. మాకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. అయినా బళ్లో చేరిన రోజునుంచీ ఒకటే ప్రశ్న: "మీరెక్కణ్ణుంచి వచ్చారు?" మసీదుకెళితే ఇంకో ప్రశ్న: "ఉర్దూ రాని ముసల్మానులేమిటి?"

రెంటికీ మా జవాబు ఈ తీరమే. మంగినపూడి ఒడ్డున ఇసక తక్కువ, నల్ల ఒండ్రు ఎక్కువ. అడుగేస్తే కాలు దిగిపోతుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులు, ఇటు ఉప్పు కయ్యలు, సరుగుడు తోపులు. మాకు తెలిసిన వతన్ ఇదే.

ఈ రేవు ఒకప్పుడు గోల్కొండకి సముద్రద్వారం. 17వ శతాబ్దంలో ఇక్కణ్ణుంచి ఓడలు ఎర్రసముద్రం దాకా పోయేవి. హజ్‌యాత్రికులూ వాటిలోనే వెళ్లేవారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ దిగింది ముఖ్యంగా మన అద్దకం బట్టల కోసమే. కలంకారీ అన్న పేరు పారసీది. బట్ట మాత్రం కరక్కాయ రసంలో నాని, తుప్పూ బెల్లమూ ఊరిన నలుపు తాగి, మన కాలవనీళ్లలో జాడించుకున్నది. పేరు పారసీదైతే బట్ట పరాయిదవుతుందా? మస్తానమ్మ, సైదులు: మా పేర్లూ అంతే. అవతలి మాటకి తెలుగు తోక.

1864 ఉప్పెన బందరులో దాదాపు 30 వేలమందిని మింగింది. 1977 నవంబరు 19న దివిసీమ శవాల దిబ్బయింది. మా ఇళ్లలో ఇప్పటికీ వయసడిగితే "ఉప్పెనకి ముందా, తర్వాతా?" అంటారు. ఈ లెక్క పరాయివాళ్లకి తెలుస్తుందా?

తర్వాత అభివృద్ధి వచ్చింది. వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. తీరంలో వాటిని కట్టడి చెయ్యమని 1996లో సుప్రీంకోర్టు చెప్పినా చెరువులు ఆగలేదు. ఇక రేవు. 2008లో ఒక శంకుస్థాపన, 2019లో మరొకటి, 2023 మేలో ఇంకొకటి. మేం రేవుకి అడ్డం కాదు. దూది ఏకే విల్లు మూలపడ్డాక మా పిల్లలకీ పని కావాలి. అడిగేదొక్కటే: భూమి ఉన్నవాడికి పరిహారం లెక్క ఉంటుంది. కూలివాడికి, వలవాడికి, కయ్యలో ఉప్పు లాగేవాడికి ఏ లెక్క?

మొన్న టీకొట్టు దగ్గర, పనికోసం నెలక్రితమే వచ్చినాయన మా పేరు విని అడిగాడు: "మీరెక్కణ్ణుంచి వచ్చారు?"

"మేం రాలేదన్నా. ఇక్కడే ఉన్నాం. వచ్చింది మీరు. కూచోండి, టీ తాగుదాం" అన్నాం.