వసతి కోరినవారిని కాదనరాదన్న వ్రతం

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని గురించి మూడు వ్రతాలను వరుసగా విధిస్తుంది. అన్నాన్ని నిందింపరాదు, తిరస్కరింపరాదు, సమృద్ధిగా వృద్ధి చేయాలి. దశమానువాకం ఆరంభంలో మరొక వ్రతం వస్తుంది: వసతి కోరి వచ్చినవారిని ఎవ్వరినీ కాదనరాదు. వసతి ఇచ్చినవాడు అన్నం కూడా ఇవ్వక తప్పదు గనుక అన్నసంపాదన ఆవశ్యకమని శంకర భగవత్పాదులు భాష్యంలో అన్వయించారు. బ్రహ్మవిద్యోపదేశం పరిసమాప్తికి వస్తున్న తరుణంలో ఇంటి గడపకు సంబంధించిన ఈ నియమం ఎందుకు వచ్చిందో పారాయణ చేసేవారిలో అనేకులు విచారింపరు. స్వరం తప్పకపోతే చాలునన్న తృప్తి వారిది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నివసించే ఒక తెలుగు గృహస్థు తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం మిత్రబృందంతో ఈ ఉపనిషత్తును పారాయణ చేస్తున్నారు. వారి పట్టణంలో చాలాకాలంగా నిరుపయోగంగా ఉన్న ఒక కార్యాలయ స్థలంలో అపార్ట్‌మెంట్లు నిర్మించాలనీ, వాటిలో ఐదింట ఒక వంతు అల్పాదాయ కుటుంబాలకు కేటాయించాలనీ ప్రతిపాదన వచ్చింది. మూడు రోజులలో వాట్సాప్ బృందం ఏర్పడింది, పిటిషన్ సిద్ధమైంది. పారాయణ బృందంలో ఇంచుమించు అందరూ సంతకం చేశారు. ఆయన కూడా చేశారు.

ఇటువంటి ప్రతిపాదనలు ఆ రాష్ట్రంలో యాదృచ్ఛికం కావు. వాటి వెనుక అర్ధశతాబ్ది చరిత్ర ఉన్నది. మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్‌లో తరతరాలుగా నివసిస్తున్న నల్లజాతీయులు కొందరు, కోళ్ల షెడ్లను మార్చి కట్టిన గదులలో సైతం కాపురాలు చేస్తూ ఉండేవారు. వారికోసం 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగితే జోనింగ్ నిబంధనలు అడ్డువచ్చాయి. 1970లో ఒక ఆదివారం నాటి సభలో అప్పటి మేయర్, ఈ ఊరిలో ఉండే స్తోమత లేనివారు విడిచి వెళ్లవలసిందేనని ముఖం మీదనే చెప్పాడు. ఆ సభ జరిగినది చర్చిలో! ఎథెల్ లారెన్స్ అనే మాతృమూర్తి, మరికొందరు 1971లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అభివృద్ధి చెందుతున్న ప్రతి పట్టణం తన ప్రాంతపు పేదల నివాసావసరంలో న్యాయమైన భాగాన్ని వహించవలసిందేనని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1983లో ఆ తీర్పును మరింత దృఢపరచింది. 2024లో వచ్చిన చట్టం 2025 నుండి పదేళ్ల కాలానికి పట్టణాల బాధ్యతను నిర్ణయించే పద్ధతిని పునర్వ్యవస్థీకరించింది.

ఎథెల్ లారెన్స్ 1994లో దివంగతులయ్యారు. ఆమె పేరిట నిర్మించిన ఇళ్లలోకి తొలి కుటుంబాలు చేరినది 2000 ప్రాంతంలో. అంతవరకు పొరుగువారు చెప్పిన అభ్యంతరాలు నేటివే: నేరాలు పెరుగుతాయి, ఇళ్ల విలువ పడిపోతుంది, పన్నుల భారం పెరుగుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ మాసీ బృందం ఆ పట్టణాన్ని పరిసర పట్టణాలతో పోల్చి పరిశీలించి, ఆ ఇళ్ల కారణంగా ఈ మూడింటిలో ఏదీ సంభవించలేదని 2013లో గ్రంథరూపంగా ప్రకటించింది. సమీపంలో నివసించేవారిలో దాదాపు మూడవ వంతు మందికి అక్కడ అటువంటి గృహసముదాయం ఒకటి ఉన్నదనే తెలియలేదు.

బృహదారణ్యకంలో ఒక చిత్రమైన ఘట్టం ఉన్నది. ఆదిలో ఏకాకిగా ఉన్న పురుషుడు భయపడ్డాడు. నాకన్న అన్యం ఏదీ లేనప్పుడు ఎవరికి భయపడుతున్నాను అని విచారించాడు. భయం తొలగిపోయింది. భయం కలిగేది రెండవదాని వల్లనే అంటుంది శ్రుతి. ఇక్కడ ఆ రెండవవాడు ఇంకా రానైనా లేదు. నమూనా పటంలో ఒక గీతగా మాత్రమే ఉన్నాడు.

పారాయణ బృందంలో ఒకరు ప్రారబ్ధాన్ని కూడా ప్రస్తావించారు. ఎవరి కర్మానుసారం వారికి ఇల్లు లభిస్తుందట! ఇది కర్మసిద్ధాంతాన్ని కంచెగా మార్చుకోవడం. ఆ న్యాయాన్నే అనుసరిస్తే, ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేవడం సైతం ఈయన ప్రారబ్ధమే కావాలి కదా.

అయితే అన్ని అభ్యంతరాలూ మిథ్య కావు. వర్షం వస్తే ఆ వీధి చివర నీరు నిలుస్తుంది. పాఠశాల తరగతులు కిక్కిరిసి ఉన్నాయి. జీవితకాలపు పొదుపంతా ఒక ఇంటిలో పెట్టినవాడి ఆందోళనను లోభమని కొట్టివేయడం సులభమే గాని న్యాయం కాదు. ఇక్కడ వివేకానికి ఒక పరీక్ష ఉన్నది. అదే స్థలంలో అన్నే కుటుంబాల కోసం అధిక మూల్యం గల ఇళ్లు కడతామంటే ఆ అభ్యంతరం నిలుస్తుందా? నిలిస్తే అది నీటికాలువ గురించినది. కరిగిపోతే అది మనుషుల గురించినది.

ఆ గృహస్థు ఇంట ఈ పరీక్ష శాస్త్రం ద్వారా రాలేదు. ఒక రాత్రి భోజనాల వేళ ఆయన భార్య అడిగింది: "ఏమండీ, మన గుడిలో వంట చేసే ఆయన ఎక్కడుంటారో మీకు తెలుసా?"

"తెలియదు. ఎందుకు?"

"గంటంబావు దూరం నుంచి వస్తారట. ఈ చుట్టుపక్కల అద్దెలు భరించలేరట. ఆ ఇళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చునా అని నన్ను అడిగారు. మీ సంతకం సంగతి చెప్పలేకపోయాను."

ఆయన సమాధానమేమీ చెప్పలేదు. 2000లో ఆయన ఈ దేశంలో దిగినప్పుడు, తెనాలి వైపు నుండి వచ్చిన ఒక దూరపు బంధువు, అంతకుముందు ముఖమైనా చూడనివాడు, తన ఇంటి హాలులో మూడు వారాలు చోటిచ్చాడు. అన్నం కూడా పెట్టాడు. ఆ బంధువుకు ఉపనిషత్తు వచ్చునో రాదో ఆయన ఎన్నడూ అడగలేదు.

ప్లానింగ్ బోర్డు విచారణలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆయన రెండు నిమిషాలు వర్షపునీటి కాలువ గురించి, బడి బస్సు ఆగే చోటు గురించి మాట్లాడారు. మిగిలిన నిమిషంలో, ఇళ్ల విషయంలో తనకు ఆక్షేపణ లేదనీ, పిటిషన్ నుండి తన పేరు తొలగించవలసిందనీ కోరారు. వెనుక వరుసలలో కూర్చున్న పారాయణ మిత్రులు కాగితాలలోకి చూస్తూ ఉండిపోయారు.

నీటిపారుదల నివేదిక అందనందున విచారణ మరుసటి నెలకు వాయిదా పడింది. ఆయన పేరును పిటిషన్ నుండి తొలగించారు, వాట్సాప్ బృందం నుండి కూడా.