గండికోట నీళ్ల మీద బోటు లేచేదాకా

గండికోట అంటే ఇన్‌స్టా నిండా లోయ అంచున తీసుకున్న ఫొటోలే. నీళ్ల మీద కూర్చుని ఆ కొండల్ని కిందినుంచి చూసినవాళ్లు తక్కువ. ముద్దనూరు స్టేషన్‌లో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా మేం ఐదుగురం నేరుగా రిజర్వాయర్‌ దగ్గరికే పోయాం. 26.85 టీఎంసీలు పట్టే జలాశయం! మా సీమలో ఇన్ని నీళ్లు చూస్తే కళ్లు నిండుతాయి. కానీ ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది ఈ ముంపుకే.

స్పీడ్‌బోటు ఎక్కగానే లావుగా ఉండే మావాడు వెనక సీట్లో సెటిలయ్యాడు. డ్రైవరన్న ఒప్పుకోలా.

"నువ్వు ముందరికి రా అబ్బీ. ఎద్దులబండి ఎప్పుడన్నా ఎక్కినావా? ఎనక బరువైతే కాడి లేస్తాది. ఇదీ అంతే."

మిగతావాళ్లని కుడికీ ఎడమకీ సమంగా సర్ది, జాకెట్ల బకిల్స్ తనే లాగి చూసి, అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

మొదట బోటు నీళ్లను దున్నుకుంటూ పోయింది. థ్రాటిల్ పెంచితే ముక్కు ఆకాశానికి లేచింది, ఎదురుగా ఏమీ కనబడదు. ఇక్కడే భయమేస్తుంది. ఇంకాస్త పెంచాడు. అడుగున నీటి ఒత్తిడి బోటును పైకెత్తింది, ముక్కు దానంతటదే దిగింది, ఒక్కసారిగా నున్నటి రోడ్డెక్కినట్టయింది! దీన్నే 'ప్లేన్' మీదికి రావడం అంటారు. వచ్చాక థ్రాటిల్ కాస్త తగ్గించినా బోటు పైనే పరుగెడుతుంది.

ఇందులో ఇంజిన్ వాలుదీ పెద్ద పాత్రే. లేచేటప్పుడు ఇంజిన్‌ని బోటు వైపు లోపలికి వంచాలి, అప్పుడే ముక్కు తొందరగా దిగుతుంది. లేచాక కొంచెం బయటికి. మరీ బయటికి తెస్తే ముక్కు లేస్తూ పడుతూ కోడెదూడలా గంతులేస్తుంది. అన్న ఒకసారి కావాలనే చేసి చూపించాడు, మా నడుములు కదిలాయి. మళ్లీ లోపలికి వంచగానే సర్దుకుంది.

ఇంతలో రీల్ కోసం మా ఫ్రెండ్ లేచి ఎడమ అంచుకి పోయింది. ఆమె వెనకే ఇంకొకడు. బోటు ఎడమకి ఒరిగింది. అన్న అరవలేదు, వేగం తగ్గించి "కూసోండి" అన్నాడంతే. ఇద్దరూ కూర్చున్నారు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. పట్టేవాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి జాకెట్టే లేదు. అది గుర్తొచ్చాక ఈ బకిల్ బిగుతు నాకు హాయిగానే అనిపించింది.

ఒడ్డు దగ్గరపడ్డాక అన్న ఒక్కసారిగా థ్రాటిల్ కొట్టేయలేదు. అలా చేస్తే మనం లేపిన అలే వెనకనుంచి వచ్చి బోటులోకి దూకుతుందట. మెల్లగా తగ్గించాడు. ముక్కు మళ్లీ కాస్త లేచి, దిగింది. మా అల మా కిందుగా పోయి, మాకంటే ముందే ఒడ్డు తాకింది.