పడవకు మెరుగు

బంగారానికి మెరుగు పెట్టిస్తారు. ఇత్తడి బిందెకు చింతపండు పట్టిస్తారు. బూట్లకు పాలిష్ వేయిస్తారు. పడవకు మెరుగు పెట్టించాలంటే మాత్రం మా మెట్ట ప్రాంతంలో వినేవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తరవాత చెప్పినవాడి ముఖం కేసి అనుమానంగా చూస్తారు. నందిగామ, జగ్గయ్యపేట వాళ్ళకు తెలిసిన వ్యవహారాలు మిరప, పత్తి, సున్నపురాయి, హైదరాబాదు రోడ్డు మీద లారీలు. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేర్చారు గాని, అంతకు ముందూ ఆ తరవాతా మమ్మల్ని పడవల వాళ్ళ కింద ఎవరూ లెక్కకట్టలేదు. అయితే జగ్గయ్యపేట దాటి ముక్త్యాల దాకా వెళితే కృష్ణ కనబడుతుంది. అవతలి ఒడ్డున మాదిపాడు. నది వున్నచోట పడవ వుంటుంది. పడవ వున్నచోట బావమరిది వుండకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

మా బావమరిది మూడేళ్ళ క్రితం మచిలీపట్నం వైపు నుంచి ఒక పాత ఫైబరు పడవ కొన్నాడు. పద్ధెనిమిది అడుగుల పొడవు, వెనక బల్లకు బిగించే ఇంజను. డబ్బు చాలక అక్కగారి దగ్గరకు వచ్చాడు. అక్కగారు, అంటే మా ఆవిడ, నాలుగు గాజులు తీసి ఇచ్చింది. అవి బ్యాంకులో చేరాయి. ఫైబరు అంటే గాజు పీచే గనక, గాజు పడవ కోసం గాజులు తాకట్టు పెట్టినట్టయింది. ఈ శ్లేష నాకు ఆనాడే తట్టింది గాని ఇంట్లో వినిపించే ధైర్యం ఈనాటికీ చాలలేదు.

చేపలు అతను అనుకున్నట్టు పడలేదు. నిరుడు వానాకాలం వెనకపట్టు పట్టే రోజుల్లో, పడవ అమ్మేసి గాజులు విడిపిద్దామన్నాడు. వేదాద్రి వైపు నుంచి ఒకాయన పది రోజుల్లో వచ్చి చూస్తానని కబురు చేశాడు. కార్తిక మాసంలో జనాన్ని ఎక్కించుకోవాలని ఆయన ఉద్దేశం. తీరా చూస్తే పడవ వున్న స్థితి ఏమిటి? కొన్ననాడు నీలమణిలా వున్నది, ఉతికి ఉతికి వెలిసిన లుంగీలా తయారయింది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకున్నది. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల దగ్గర నిలబడ్డవాణ్ణి, సుద్దపొడి నాకు కొత్త కాదు. కాని అది పడవ ఒంటి నుంచి రాలుతుంటే గుండె కలుక్కుమన్నది.

"బావగారూ, డబ్బాడు ఎనామిలు పెయింటు కొడితే కొత్త పెళ్ళికూతురయి కూచుంటుంది. ఈమాత్రానికి దిగులెందుకండీ?" అన్నాడు బావమరిది.

నాకు ఆ మాట ఎందుకో రుచించలేదు. కాకినాడలో ఫైబరు పడవలు పోసే షెడ్డులో నా పాత విద్యార్థి ఒకడు పనిచేస్తున్నాడు. సంధులూ సమాసాలూ ఎన్నడూ సరిగా అప్పజెప్పలేదు గాని, ఫోను చేస్తే పడవ సంగతి గంటసేపు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

మన కొండపల్లి బొమ్మ సంగతి అందరికీ తెలిసిందే. ముందు తెల్లపొణికి కర్ర చెక్కుతారు, చింతగింజల మక్కుతో అతుకులు పెడతారు, సున్నం పూస్తారు, అన్నీ అయ్యాక రంగు వేస్తారు. ఒళ్ళు ముందు, వన్నె తరవాత. ఫైబరు పడవకు ఇదంతా తలకిందులు. పడవ ఆకారంలో వున్న అచ్చు లోపలి భాగానికి నునుపుగా మైనం పట్టిస్తారు. దానిమీద రంగు కలిపిన పాలిస్టరు జిగురు పూత పూస్తారు. అదే జెల్‌కోటు. అది గట్టిపడుతూ వుండగా దాని వెనక గాజు పీచు పరుపులు పరిచి, జిగురుతో తడిపి, దళసరి చేస్తారు. ఆరిన తరవాత అచ్చులో నుంచి ఊడదీస్తే, అన్నిటికన్న ముందు వేసిన పూత అన్నిటికన్న పైకి వస్తుంది. అచ్చు ఎంత నునుపో పడవ అంత నునుపు. ఈ పడవకు నగ ముందు పుట్టింది, ఒళ్ళు తరవాత పుట్టింది.

ఆ నగ మందమెంత? సుమారు అర మిల్లీమీటరు. పరీక్ష జవాబు కాగితాలు అయిదు పేర్చితే ఎంతో అంత. పడవ జన్మలో అచ్చు మళ్ళీ దొరకదు గనక, ఆ అయిదు కాగితాలతోనే బతుకంతా వెళ్ళదీసుకోవాలి.

దాన్ని తినేది నీళ్ళకన్న ఎక్కువగా ఎండ. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళు అంటే జగ్గయ్యపేట, నందిగామ పేర్లు పత్రికల్లో తప్పకుండా వస్తాయి. ఎండలో వున్న అతినీలలోహిత కిరణాలు పాలిస్టరు గొలుసుల్ని తెంపుతాయి. పట్టు వదిలిన రంగు పొడిగా పైకి తేలుతుంది. పైభాగం కంటికి కనబడని గుంటలతో నిండిపోతుంది. అద్దంలా వున్నప్పుడు వెలుగును ఒక్క దిక్కుకు తిప్పికొట్టిన పూత, గుంటలు పడ్డాక నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. మనం దాన్ని వెలిసిపోయింది అంటాము. ఇందులో ఒక చమత్కారం వుంది. ఆ గుంటల్లో నీళ్ళు నిండితే పడవ తక్షణం తళతళలాడుతుంది. అందుకే ఒడ్డుకు లాగిన క్షణాన ప్రతి పాత పడవా కొత్తదే. కొందరు అమ్మకందార్లు నూనెగుడ్డతో తుడిచి చూపిస్తారట. ఆ నూనెకు దుమ్ము పట్టి వారం తిరగకుండానే మొదటికన్న అన్యాయమవుతుంది. కొనేవాళ్ళు ఒంటిని సబ్బుతో కడిగించి, ఆరిన తరవాత చూడడం మంచిది.

పెయింటు మాట కూడా మా శిష్యుణ్ణి అడిగాను. "సార్, సుద్దపొడి మీద పెయింటు నిలవదండి. రెండు నెలల్లో పొక్కులు లేస్తుంది. కింద ఏమున్నదీ తెలియకుండా పోతుంది" అన్నాడు. చివరి వాక్యం అతను మామూలుగానే అన్నాడు. నాకే అది చెవిలో మిగిలింది.

పడవను లాగించి వేపచెట్టు కింద పెట్టించాము. నందిగామలో కార్లకు రంగులు వేసే షెడ్డు నుంచి ఒక పనివాణ్ణి, అతని బఫింగు మిషనుతో సహా తీసుకువెళ్ళాను. కారు పైపూత కన్న జెల్‌కోటు సుమారు పది రెట్లు మందం అని చెప్పగానే అతనికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహాన్ని కాస్త అదుపులో పెట్టవలసి వచ్చింది. మందమయినంత మాత్రాన ఒరిసెయ్యమని కాదు గదా!

మొదటి రోజంతా కడగడమే. మా వైపు సిమెంటు దుమ్ము, రోడ్డు దుమ్ము చాలా ఎక్కువ. అది వుండగా రుద్దితే గీతలు పడతాయి. మెత్తటి సబ్బు, మంచినీళ్ళు, పాతగుడ్డ; ఇంతకుమించి అక్కరలేదు. నీటి మరకలు తెల్లగా గట్టిపడ్డచోట నిమ్మరసం రాసి, కాసేపుంచి, బాగా కడిగితే వదిలాయి. స్నానాల గదులు కడిగే ఆసిడ్ బుడ్డి తెచ్చాడు బావమరిది. దాన్ని తెచ్చిన దారినే పంపించాను.

మర్నాడు పొద్దున్నే, ఒళ్ళు చల్లగా వుండగా, జానెడు చోటు గిరిగీసి అక్కడ పరీక్ష చేశాము. కేవలం రబ్బింగు కాంపౌండుతో పోతే వాటరు పేపరు జోలికి వెళ్ళకూడదు. పక్కభాగం పోయింది. ముక్కు దగ్గర, ఎండకు ఎదురుగా వుండే అంచు దగ్గర పోలేదు. అక్కడ మాత్రం వెయ్యి నంబరు వాటరు పేపరు తడిపి చేత్తో రుద్ది, తరవాత పదిహేను వందలు, తరవాత కాంపౌండు, చివరికి నునుపు పాలిష్. మిషను నెమ్మదిగా తిప్పాలి, ఒక్కచోట ఆపకూడదు. ఆపితే పూత వేడెక్కి కాలుతుంది. అంచుల దగ్గర పూత ఇట్టే తెగిపోతుంది, అక్కడ చేయే నయం. ఇదంతా చెప్పడం తేలిక. నాలుగు రోజులు చేస్తే భుజాలు నాలుగు వారాలు చెబుతాయి.

మూడో రోజు సాయంకాలానికి కుడిపక్క నీలం బయటపడింది. వేపకొమ్మల నీడ అందులో ఆడుతున్నది. మా బావమరిది నోట మాట లేదు. మెరుగు అనే మాట తెలుగులో ఎంత దూరం ప్రయాణం చేసిందో నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. కంసాలి పెట్టే మెరుగు, రోగికి కనిపించే మెరుగు, మార్కుల్లో రావలసిన మెరుగు, అన్నీ ఒక్క మాటే. మెరిస్తే బాగుపడ్డట్టే అనుకున్నారు మనవాళ్ళు. కాని కంసాలిని అడిగితే ఇంకో ముక్క చెబుతాడు. మెరుగు పెట్టిన ప్రతిసారీ బంగారం ఇసుమంత తరుగుతుంది. పడవకూ అంతే. మేము రాబట్టిన నీలం కొత్తగా వచ్చింది కాదు, అయిదు కాగితాల్లో ఒకదాని చివర గీకి బయటికి తీసింది.

నాలుగో రోజు వెనక బల్ల దగ్గర పాలిష్ గుడ్డతో రుద్దుతూ బావమరిది చెయ్యి ఆపాడు. "బావగారూ, ఇది చూడండి."

ఇంజను బిగించే చోట, మూలన, వెంట్రుకల్లాంటి గీతలు అయిదారు ఒకదాని పక్కన ఒకటి వున్నాయి. సుద్ద పట్టి వున్నప్పుడు అవి కనబడలేదు. మెరుపు వచ్చాక వాటిలో కాంపౌండు ఇరుక్కుని తెల్లగా తేలాయి. దెబ్బ తగిలినచోట అయితే పగులు నక్షత్రంలా విచ్చుకుంటుందట. ఇలా వరసగా వుంటే ఆ చోటు బరువుకు వంగుతున్నదని అర్థమట. రూపాయి బిళ్ళతో తట్టి చూశాము. చుట్టూ టంగుమన్నది, ఆ మూలన మాత్రం బొదబొదమన్నది.

కొనే ఆయన వచ్చేది ఎల్లుండి. రంగుల పనివాడు మెల్లగా గొంతు తగ్గించి, కాస్త ఫిల్లరు, పైన నీలం టచప్పు, అరగంట పని అన్నాడు. బావమరిది నా వైపు చూశాడు. అతను చూసింది నన్ను కాదు, అక్కగారి చేతుల్ని అని నాకు తెలుసు.

2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పడవ మునిగింది. వాటి కారణాలు వేరు. జెల్‌కోటుకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. అయినా మా కృష్ణ ఒడ్డున పడవ ఎక్కేవాడు, ముందు దాని ఒంటి కేసి చూసి ఎక్కుతాడు. నిగనిగలాడుతూ వుంటే పిల్లల్ని ముందు ఎక్కిస్తాడు.

నేను ఏమీ అనలేదు. అనవలసిన అవసరం రాకుండా అతనే ఫోను తీసి వేదాద్రి ఆయనకు చెప్పాడు. "వెనక బల్ల దగ్గర బలం తగ్గిందండీ. బాగు చేయించి చూపిస్తాను. కార్తికానికి అందదు. మీ ఇష్టం." అవతల కాసేపు మౌనం. ఆ కాసేపట్లో మా ఆవిడ గాజులు నాకు చాలాసార్లు కనిపించాయి.

కాకినాడ శిష్యుడు ఒక ఆదివారం వచ్చి, పగిలిన మేర గుల్లంతా గీకేసి, లోపలి తడి ఆరబెట్టి, వాలుగా అరగదీసి, పొర మీద పొర గాజు పీచు అంటించాడు. పైన కొత్త జెల్‌కోటు పూసి ప్లాస్టిక్ కాగితం కప్పాడు. గాలి తగిలితే ఆ పూత పైభాగం జిగటగానే వుండిపోతుందట. ఆరాక మళ్ళీ వాటరు పేపరు, మళ్ళీ కాంపౌండు. కొత్త నీలం పాత నీలంతో పూర్తిగా కలవలేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే అరచేతంత మచ్చ తెలుస్తూనే వుంది. దాన్ని కప్పవద్దని బావమరిదే అన్నాడు.

ఆఖరున పడవ ఒంటికంతా రెండుసార్లు మైనం పట్టించాము. కాలు పెట్టే చోట మాత్రం చుక్క కూడా పడనివ్వలేదు. అక్కడ మెరిస్తే జారిపడడం ఖాయం. మైనం ఈ ఎండకు మూడు నాలుగు నెలలకు మించి ఆగదు, మళ్ళీ పట్టించాలి. దానికన్న చవకయినది తాటాకు పందిరి. ఒడ్డున నాలుగు గుంజలు పాతి, పైన తాటాకు పరిచి, దాని కింద పడవను బోర్లించాడు. గాలి ఆడుతుంది, ఎండ దిగదు. ప్లాస్టిక్ పట్టా బిగించి కడితే లోపల చెమ్మ పట్టి పూతకు చేటు.

వేదాద్రి ఆయన మార్గశిరంలో వచ్చాడు. పడవ చుట్టూ మూడుసార్లు తిరిగాడు, మచ్చ దగ్గర ఆగాడు, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి తట్టాడు. టంగుమన్నది. అనుకున్న ధరలో ఎనిమిది వేలు తగ్గించాడు. బావమరిది రెండు వేలకోసం బేరమాడి ఓడిపోయాడు. అప్పులో ఆ ఎనిమిది వేలూ తగ్గాయి గనక, నాలుగు గాజుల్లో మూడే ఇంటికి వచ్చాయి. నాలుగోది నా జీతం మీద ఉగాదికి రావాలి.

పడవ కదిలేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి, "మాష్టారూ, ఆ మైనం డబ్బా మిగిలితే అది కూడా ఇప్పించండి" అన్నాడు. ఇచ్చాము.