అమ్మమ్మ దగ్గరికి వచ్చిన నోటరీ

మా ఇంట్లో నోటరీ అనే మాటకి రెండు అర్థాలు ఉన్నాయి. తెనాలిలో ఉండే మావయ్యకి నోటరీ అంటే కోర్టు దగ్గర నల్లకోటు వేసుకున్న లాయరు. ఇండియాలో 1952 నోటరీల చట్టం కింద ఎక్కువగా అనుభవం ఉన్న లాయర్లనే నోటరీగా నియమిస్తారు. నేను కాలిఫోర్నియాలో పెరిగాను. ఇక్కడ నోటరీ లాయరు కానక్కర్లేదు. 6 గంటల క్లాసు, ఒక పరీక్ష, పోలీసు రికార్డుల తనిఖీ, 15,000 డాలర్ల బాండ్. ఇవన్నీ అయితే రాష్ట్రం 4 ఏళ్ళకి కమిషన్ ఇస్తుంది. ఆ 4 ఏళ్ళూ సంతకం పెట్టేది ఎవరో చూసి ముద్ర వేస్తారు. అంతే. సలహా ఇవ్వకూడదు.

ఈ తేడా మాకు మొన్న శీతాకాలంలో బాగా తెలిసింది. అమ్మమ్మకి 82 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఫ్రీమాంట్‌లో ఒక రిహాబ్‌లో ఉంది. ఊళ్ళో పాత పెంకుటిల్లు వానలకి ఒక పక్క కూలిపోయింది. కొనేవాళ్ళు దొరికారు, బయానా కూడా ఇచ్చారు. (బయానా అంటే బేరం కుదిరాక ముందు ఇచ్చే డబ్బు. ఈ మాట నేను అప్పుడే నేర్చుకున్నాను.) ఇల్లు అమ్మమ్మ పేరు మీద ఉంది. ఆవిడ ప్రయాణం చెయ్యలేదు. కాబట్టి మావయ్యకి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి. తెలుగులో అధికార పత్రం అంటారు కానీ మా వాళ్ళందరూ "పవర్" అనే అంటారు. "పవర్ పంపించండి" అంటే కరెంటు గురించి కాదు!

విదేశంలో ఉన్నవాళ్ళు ఇచ్చే పవర్ ఇండియాలో రిజిస్ట్రేషన్‌కి పనికిరావాలంటే, దాన్ని నోటరీ ఎదుట గానీ ఇండియన్ కాన్సులేట్‌లో గానీ సంతకం చెయ్యాలి. కాన్సులేట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. అమ్మమ్మ మంచం దిగడానికే ఇద్దరు పట్టుకోవాలి. బ్యాంకులో నోటరీ ఉంటారు, కొరియర్ షాపుల్లోనూ ఉంటారు, కానీ మనిషి అక్కడికి వెళ్ళాలి. మనకి కావలసింది మన దగ్గరికి వచ్చే నోటరీ. ఇంగ్లీషులో వాళ్ళని మొబైల్ నోటరీ అంటారు. మావయ్యకి చెప్తే "ఫోన్లో చేసే నోటరీయా?" అన్నాడు. కాదు మావయ్యా, కారులో వచ్చే నోటరీ.

దగ్గరలో ఉన్న ఒకాయనకి ఫోన్ చేశాను. రిహాబ్‌కి వస్తానన్నారు. తర్వాత "ఆవిడకి ఇంగ్లీషు వచ్చా?" అని అడిగారు. రాదు, నేను పక్కన ఉండి తెలుగులో చెప్తాను అన్నాను. అలా కుదరదన్నారు. కాలిఫోర్నియాలో నోటరీ సంతకం పెట్టే మనిషితో నేరుగా మాట్లాడగలగాలి. మధ్యలో దుబాసీ ఉండకూడదు. (దుబాసీ అంటే ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పే మనిషి. రెండు భాషలు అని అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది.) ఆ భాష వచ్చిన నోటరీ దగ్గరికి వెళ్ళమని రాష్ట్రం వాళ్ళ పుస్తకంలోనే ఉంది.

నాకు మొదట బాధేసింది. నేను 3 ఏళ్ళుగా తెలుగు నేర్చుకుంటున్నది ఇలాంటి రోజు కోసమే కదా! కానీ ఆలోచిస్తే ఆ నియమం మంచిదే. ఆస్తి అమ్మే కాగితం మీద ఒక పెద్దావిడ సంతకం పెడుతోంది. పక్కన ఉన్న మనవరాలు ఏం చెప్తే అదే నిజం అయితే, ఎన్ని ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు?

ఆన్‌లైన్‌లో ఉండే నోటరీల జాబితాల్లో భాషని బట్టి వెతకొచ్చు. నేను తెలుగు అని వెతికితే దగ్గరలో ఎవరూ రాలేదు. చివరికి అమ్మ స్నేహితురాలు గుడి వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకావిడ పేరు వచ్చింది. యూనియన్ సిటీలో ఉంటారు, నెల్లూరు వైపు వాళ్ళు. ఫోన్లో నేను అడిగినవి ఇవి. మీకూ పనికొస్తాయి.

తెలుగులో నేరుగా మాట్లాడతారా? రిహాబ్‌కి వస్తారా? ఇండియా పాస్‌పోర్టు చాలుతుందా? (చాలుతుంది. గడువు దాటకుండా ఉండాలి, లేదా ఇచ్చి 5 ఏళ్ళు దాటకుండా ఉండాలి.) రావడానికి ఎంత? ఇక్కడ ఒక్కో సంతకానికి నోటరీ 15 డాలర్లకి మించి తీసుకోకూడదు. కానీ దారి ఖర్చు వేరు, దానికి చట్టంలో పరిమితి లేదు. అందుకే ముందే అడగాలి. ఈవిడ 50 అన్నారు. ఆవిడ కూడా నన్ను ఒక మాట అడిగారు: "మీ అమ్మమ్మగారు రోజులో ఎప్పుడు హుషారుగా ఉంటారు?" నొప్పి మందు వేసుకున్నాక మగతలో ఉంటే సంతకం చేయించనని చెప్పారు. పొద్దున 10 గంటలకి రమ్మన్నాను.

ఆవిడ వచ్చే ముందు వారం నేను అమ్మమ్మకి ఆ కాగితం చదివి వినిపించాను. తెనాలిలో లాయరు రాసిన 9 పేజీల ఇంగ్లీషు. వాక్యం ఇంగ్లీషులో చూసుకుని, తెలుగులో చెప్పి, అర్థమైందా అని అడిగి, ముందుకి వెళ్ళాను. అమ్మడానికి. రిజిస్టర్ చెయ్యడానికి. తాకట్టు పెట్టడానికి.

"తాకట్టా? అమ్మే ఇంటికి తాకట్టెందుకే?" అంది అమ్మమ్మ.

హద్దులు వచ్చాయి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎవరి దొడ్డి, ఉత్తరాన బజారు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని, నేను చదవకముందే చెప్పేసింది. నేను చూడని ఇంటి చుట్టూ ఆవిడ మాటలతో తిరిగాను. తర్వాతి పేజీలో ఇంకో ఆస్తి ఉంది. 1 ఎకరం 20 సెంట్లు మాగాణి. (మాగాణి అంటే నీళ్ళు పారే వరి పొలం. 100 సెంట్లు 1 ఎకరం.)

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. "పొలం ఎందుకొచ్చింది ఇందులోకి?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ కలపమంది, కలిపాను.

"ఒరేయ్, పొలం కూడా రాయించావేం?"

"అమ్మా, మళ్ళీ మళ్ళీ మీరు అక్కడ నోటరీ చుట్టూ తిరగక్కర్లేకుండా రెండూ కలిపి రాయించాను. అంతే."

"తిరగాల్సొస్తే తిరుగుతాం. ఇల్లు వరకే రాయించు. తాకట్టు మాట తీసెయ్యి. పొలం సంగతి నేనుండగా వద్దు."

కొంచెంసేపు అటువైపు మాట లేదు. తర్వాత "సరేనమ్మా" అన్నాడు. మావయ్య మంచివాడే. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. కానీ ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే, పొలం అమ్మే అధికారం కూడా దాంతో పాటే వెళ్ళేది.

ఇది నోటరీ పట్టుకునే విషయం కాదు. ఇక్కడ నోటరీ వేసే సర్టిఫికెట్ పైన పెట్టె కట్టి రాసి ఉంటుంది: సంతకం పెట్టిన మనిషి ఎవరో మాత్రమే చూశాము, కాగితంలో రాసింది నిజమా, చెల్లుతుందా అన్నది చూడలేదు అని. కాబట్టి చదివి వినిపించే పని ఇంట్లో వాళ్ళదే. నా తెలుగు నోటరీ ముందు అవసరం లేదు, నోటరీ రాకముందే అవసరం.

కొత్త కాగితం 5 పేజీలే వచ్చింది. అది కూడా మొత్తం చదివాను. నోటరీగారు సరిగ్గా 10కి వచ్చారు. నన్ను కాస్త దూరంగా కూర్చోమన్నారు.

"బామ్మగారూ, ఈ కాగితం దేనికో మీకు తెలుసా?"

"తెలుసమ్మా. ఇల్లు అమ్మడానికి మా అబ్బాయికి ఇస్తున్నా. ఇల్లొక్కటే."

"మీ ఇష్టంతోనే పెడుతున్నారా?"

"నా ఇష్టంతోనే. కాకపోతే పెట్టను."

పాస్‌పోర్టులో లాగే తెలుగులో సంతకం చేసింది. తర్వాత నోటరీగారు తన రిజిస్టరు తీసి, కుడి బొటనవేలు ముద్ర వెయ్యమన్నారు. అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను వేలిముద్రదాన్ని కాదమ్మా. ఐదు చదివాను."

ఈ మాట మీకు కొత్తయితే చెప్తాను. చదువు రానివాళ్ళు సంతకం బదులు వేలిముద్ర వేస్తారు. దాన్ని నిశానీ అని కూడా అంటారు. "వాడు వేలిముద్రగాడు" అంటే చదువు రానివాడని అర్థం, అది చిన్నచూపు మాట. కాలిఫోర్నియాలో మాత్రం పవర్ ఇచ్చేవాళ్ళు ఎవరైనా నోటరీ రిజిస్టర్లో వేలిముద్ర వెయ్యాల్సిందే. ఎవరూ దొంగ సంతకం పెట్టకుండా.

"ఇక్కడ డాక్టరైనా వెయ్యాలి బామ్మగారూ. నేనైనా వెయ్యాలి."

"డాక్టరు కూడానా!" అని నవ్వి వేలు ఇచ్చింది.

తర్వాత పని నాది. నేను శాక్రమెంటోలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి కారులో వెళ్ళి అపోస్టిల్ తెచ్చాను. కాగితానికి 20 డాలర్లు, కౌంటర్లో ఇస్తే ఇంకో 6. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. ఆ పిన్ను మాత్రం ఊడదీయకండి. కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఆ తేదీ రుజువుగా కొరియర్ కవరు దాచమని మావయ్యకి చెప్పాను.

ఇల్లు అమ్ముడైంది. పొలం కౌలుకి ఉంది, ఈసారి వరి వేశారట. అమ్మమ్మ వాకర్‌తో నడుస్తోంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పాత దస్తావేజు ఉంటే, ఒకరోజు వాళ్ళ పక్కన కూర్చుని హద్దులు చదివించుకోండి. ఏ పుస్తకంలోనూ దొరకని తెలుగు అందులో ఉంటుంది.